ఏసీ గార్డ్స్: పేరులో మిగిలిన ఆఫ్రికా

హైదరాబాద్‌లో మాసబ్ ట్యాంక్ దగ్గరి బస్తీ ఏసీ గార్డ్స్. ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ. నిజాం కొలువులోని ఆఫ్రికన్ అశ్వికదళం కుటుంబాలతో సహా కాపురమున్న చోటు ఇది. వీరినే సిద్దీలు, హబ్షీలు అంటారు. పొట్టి పేరు వాడుకలో స్థిరపడి అసలు అర్థం మరుగున పడింది.

చరిత్ర

ఆఫ్రికా నుంచి శతాబ్దాల పాటు కొందరు బానిసలుగా, కొందరు సైనికులుగా దక్కన్‌కు వచ్చారు. అహ్మద్‌నగర్ రాజ్యాన్ని నడిపి 1626లో మరణించిన మాలిక్ అంబర్ ఇథియోపియాలో పుట్టి, బానిసగా అమ్ముడుపోయినవాడే. హైదరాబాద్ దళానికి మూలం వనపర్తి సంస్థానం. 19వ శతాబ్దంలో అక్కడి రాజు తన సిద్దీ సైనికులను నిజాంకు అప్పగించాడు. 1948లో హైదరాబాద్ భారత్‌లో కలిశాక దళం రద్దయింది. కొలువు పోయింది, బస్తీ మిగిలింది.

ఏది వారసత్వం?

ఇక్కడ కోటలు, మహళ్లు వెతికితే దొరకవు. దొరికేవి పేర్లు: ఏసీ గార్డ్స్, హబ్సిగూడ, సిద్దిఅంబర్ బజార్. పెళ్లి ఊరేగింపుల్లో మోగే మర్ఫా వాద్యం. పెద్దల జ్ఞాపకాలు. కట్టడాలను కాపాడే జాబితాల్లో వీటికి చోటు దొరకడం కష్టం.

ఇది హక్కుల ప్రశ్న కూడా. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా సిద్దీలకు 2003లో ఎస్టీ గుర్తింపు వచ్చింది. తెలుగు రాష్ట్రాల్లో ‘సిద్ది, యాబ, హబ్షి, జాసి’ పేరుతో బీసీ-ఈలో ఉన్నారు. రాష్ట్రానికో కేటగిరీ ఉన్నప్పుడు, తమ చరిత్రకు రాతపూర్వక ఆధారం ఉన్న సమాజమే గట్టిగా అడగగలదు.

వీక్స్‌విల్ పాఠం

న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో 1838లో జేమ్స్ వీక్స్ అనే నల్లజాతి కార్మికుడు భూమి కొన్నాడు. ఆయన పేరుతోనే వీక్స్‌విల్ అనే వాడ ఎదిగింది. నగరం పెరిగి దాన్ని మింగేసింది. 1968లో జేమ్స్ హర్లీ అనే పరిశోధకుడు చిన్న విమానంలోంచి చూసి, పాత హంటర్‌ఫ్లై రోడ్డు పక్కన మిగిలిన ఇళ్లను గుర్తించారు. తవ్వకాల్లో స్థానికులు, బడి పిల్లలు చేయి కలిపారు. 1970లో ఆ ఇళ్లకు నగర రక్షణ దక్కింది.

విద్యార్థులు చేయదగినవి

• గల్లీలు, బావులు, శ్మశానాల వాడుక పేర్లను మ్యాప్‌పై గుర్తించాలి.
• పెద్దల మాటలను అనుమతితో, వారి భాషలోనే రికార్డు చేయాలి.
• వాద్యాన్ని, వాయించే పద్ధతిని, సందర్భాన్ని కలిపి నమోదు చేయాలి.
• ప్రతి కాపీ ముందు ఆ బస్తీకే ఇవ్వాలి.

ఐరాల మండలం అనగానే కాణిపాకం గుడి గుర్తొస్తుంది. అదే మండలంలోని దళితవాడల పేర్లు ఎలా వచ్చాయి, పలక ఎవరు కొట్టారు, ఏ బావి నీళ్లు ఎవరికి అందలేదు? ఈ మ్యాప్ వాడలోని వాళ్లే గీయాలి.