ఎల్ల గీసిన నేల మీద ఏడిపించిన ప్రేమకథలు

తెలుగువాళ్లూ తమిళులూ ఊళ్ల కోసం పోట్లాడుకుంటున్న రోజుల్లోనే, ఒకే దేవదాసు కోసం ఇద్దరూ కన్నీళ్లు పెట్టుకున్నారు. పాతికేళ్ల తర్వాత ఒక తెలుగు సినిమా, తెలుగులోనే, మద్రాసులో ఏడాదిన్నరకు పైగా ఆడింది. తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతానికి ఈ కథ బాగా దగ్గరిది.

1953 నాటికి మద్రాసు ఎవరిది, తిరుత్తణి ఎవరిది అన్న వాదం వీధివీధినా నడుస్తోంది. ఆంధ్ర రాష్ట్రం కోసం పొట్టి శ్రీరాములు ప్రాణాలర్పించి ఏడాది కూడా కాలేదు. ఇటు మద్రాసు మనదేనని తెలుగువాళ్లు, అటు తిరుపతి దాకా తమిళ నేలేనని తమిళ నాయకుడు మ.పొ. శివజ్ఞానం వెంట నడిచినవాళ్లు. అలాంటి వేళ జూన్ 26న ‘దేవదాసు’ తెలుగులో విడుదలైంది. సెప్టెంబరు 11న తమిళంలో వచ్చింది. ఆ తర్వాత ఇరవై రోజులకు, అక్టోబరు 1న, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది.

తిరువళ్ళూరు అప్పుడు చెంగల్పట్టు జిల్లాలో, తమిళుల వైపు ఉంది. అదే రైలు మార్గంలో అరక్కోణం దాటాక వచ్చే తిరుత్తణి చిత్తూరు జిల్లాలో ఉంది కాబట్టి ఆంధ్రకు వచ్చింది. ఎల్లల తగువుకు మధ్యవర్తిగా నియమించిన పటాస్కర్ సూచనల మీద 1959లో చట్టం చేశారు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. ఈ రోజు రెండు ఊళ్లూ తిరువళ్ళూరు జిల్లాలోనే ఉన్నాయి. తిరుత్తణి, పళ్ళిపట్టు వైపు ఇప్పటికీ ఎన్నో ఇళ్లలో తెలుగే మాట్లాడుకుంటారు, బజారుకెళితే తమిళం అందుకుంటారు.

దేవదాసుకు ఎందరు అమ్మలో

రాష్ట్రాలు విడిపోయాయి గానీ సినిమా స్టూడియోలు విడిపోలేదు. రెండు భాషల చిత్రాలూ మద్రాసులో, అవే ఫ్లోర్ల మీద తయారయ్యేవి. ‘దేవదాసు’ కథ బెంగాలీ రచయిత శరత్‌ది. నిర్మాత డి.ఎల్. నారాయణ, దర్శకుడు వేదాంతం రాఘవయ్య, కథానాయకుడు అక్కినేని తెలుగువాళ్లు. చంద్రముఖి వేసిన లలిత తిరువాన్కూరు అమ్మాయి. పార్వతి వేసిన సావిత్రి తెలుగు బిడ్డే అయినా, తమిళులు తర్వాత ఆమెను ‘నడిగైయర్ తిలగం’ అని నెత్తిన పెట్టుకున్నారు. సంగీత దర్శకుడు సి.ఆర్. సుబ్బరామన్ సినిమా తెర మీదికి రాకముందే, 1952లో, ముప్పయ్యేళ్లైనా నిండకుండా కన్నుమూశారు. మిగిలిన పని పూర్తిచేసింది ఆయన సహాయకులు విశ్వనాథన్, రామమూర్తి. పాలక్కాడు వైపు నుంచి వచ్చిన ఆ విశ్వనాథన్ పేరు ఈ కథలో మళ్లీ వస్తుంది.

దేవదాసును చంపేది ప్రతినాయకుడు కాదు. అంతస్తుల పట్టింపు ఉన్న సొంత తండ్రి, వేళకు నోరు పెగలని సొంత పిరికితనం. చివరికి, వేరొకరి భార్య అయిన పార్వతి ఇంటి ముంగిట్లోనే అతని ప్రాణం పోతుంది. పరుగెత్తుకొచ్చిన పార్వతికి తలుపులు అడ్డం పడతాయి. పెద్దలు కుదిర్చిన పెళ్లే పెళ్లి అయిన ఆ కాలంలో, ఆ తలుపు తమ ఇంట్లోనూ ఉందని ప్రేక్షకులకు తెలుసు. పైకి చెప్పుకోలేని దుఃఖానికి సినిమా హాలు చీకటి చోటిచ్చింది. ఆ ఏడుపు ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కర్లేని ఏడుపు.

అయితే కన్నీళ్లొక్కటే జనాన్ని మళ్లీ మళ్లీ రప్పించలేవు. దేవదాసు, పార్వతుల చిన్ననాటి అల్లరి, అలకలు, తోటలో తిరుగుళ్లు మనకు ముందే ఇష్టమైపోతాయి. ఆ తీపి ఎంత గాఢంగా పెట్టారో, తర్వాతి చేదు అంత లోతుగా దిగుతుంది.

అనువాదం అడగని సినిమా

1978 మే నెలలో కె. బాలచందర్ తీసిన ‘మరో చరిత్ర’ వచ్చింది. దర్శకుడు తమిళుడు, భాష తెలుగు, కథ జరిగేది విశాఖ సముద్ర తీరాన. పక్కపక్క ఇళ్లలో ఒకటి తమిళులది, ఒకటి తెలుగువాళ్లది. అటు అబ్బాయి బాలు, ఇటు అమ్మాయి స్వప్న. కమల్‌హాసన్ సరసన సరిత అనే కొత్త అమ్మాయి. రంగుల సినిమాలు రాజ్యమేలుతున్న రోజుల్లో నలుపు తెలుపుల్లో తీశారు. సంగీతం ఎమ్మెస్ విశ్వనాథన్. ‘దేవదాసు’ పని పూర్తిచేసిన కుర్రాడే, పాతికేళ్ల తర్వాత ఈ విషాదానికీ బాణీలు కట్టాడు.

పెద్దలు పెట్టిన షరతు ఒక్కటే: ఏడాది పాటు చూసుకోకూడదు, ఉత్తరాలు రాసుకోకూడదు. కన్నతల్లి బాలు ఫోటోను కాల్చేస్తే, స్వప్న ఆ బూడిదను కప్పులో కలుపుకుని గటగటా తాగేస్తుంది. మాట ఒక్కటీ అర్థం కాని ప్రేక్షకుడికైనా ఆ దృశ్యం అర్థమవుతుంది. గడువు తీరి, ఇక కలవబోతున్నారు అనుకున్న వేళ ఇద్దరూ ప్రాణాలు కోల్పోతారు.

ఈ సినిమాను తమిళంలోకి డబ్బింగ్ చేయలేదు. తెలుగులోనే మద్రాసు మౌంట్ రోడ్డులోని సఫైర్ థియేటర్లో 596 రోజులు ఆడింది. తెలుగు రాని కాలేజీ పిల్లలు తెలుగు పాటలు పాడుకున్నారు. ఒకరి భాష ఒకరికి సరిగా రాని ప్రేమికుల కథను, ఆ భాష సరిగా రాని జనమే గుండెకు హత్తుకున్నారు. 1981లో ఎల్.వి. ప్రసాద్ నిర్మాతగా బాలచందరే దీన్ని హిందీలో ‘ఏక్ దూజే కే లియే’గా తీస్తే దేశమంతా ఏడ్చింది.

హాంకాంగ్‌లోనూ ఇదే బాధ

ఇలాంటి కథలకు కాంటనీస్ సినిమాలోనూ పెద్దపీట ఉంది. పీటర్ చాన్ 1996లో తీసిన ‘కామ్రేడ్స్: ఆల్మోస్ట్ ఎ లవ్ స్టోరీ’లో అబ్బాయి చైనా ఉత్తరాది నుంచి హాంకాంగ్ వస్తాడు, కాంటనీస్ రాదు. అమ్మాయి కూడా వలస వచ్చిందే, అయితే భాష వచ్చు కనుక స్థానికురాలినని చెప్పుకుంటుంది. ఇద్దరూ కొత్త సంవత్సరం సంతలో గాయని తెరెసా టెంగ్ క్యాసెట్లు అమ్మకానికి పెడితే ఎవరూ కొనరు. కొంటే తామూ చైనా నుంచి వచ్చినవాళ్లమని బయటపడుతుందని జనం భయం. 2000లో వోంగ్ కార్ వై తీసిన ‘ఇన్ ది మూడ్ ఫర్ లవ్’లో పక్కపక్క గదుల్లో ఉండే ఇద్దరు, మనసు విప్పలేకనే దూరమవుతారు. అందులో నటనకు టోనీ ల్యూంగ్‌కు కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి పురస్కారం దక్కింది.

1997లో బ్రిటన్ చేతి నుంచి చైనా చేతికి మారబోతున్న ఆ నగరంలో, రేపు మనమెవరం అన్న బెంగ అందరిదీ. తాము పుట్టిన ఊరు ఏ రాష్ట్రానిదో పదేళ్లలో రెండుసార్లు మారగా చూసిన తిరుత్తణి వాసులకు ఆ బెంగ కొత్తది కాదు. గుర్తింపు గురించి బయట మాట్లాడితే తగువవుతుంది. ప్రేమకథలో అదే మాట వింటే మనసు మెత్తబడుతుంది. దక్కని ప్రేమల మీద ఇలాంటి చోట్ల ఇంత మమకారం అందుకే. పెళ్లితో ముగిసిన కథను చూసి తృప్తిగా ఇంటికి వెళ్తాం. దక్కని ప్రేమ మాత్రం ‘ఆ ఇంటివాళ్లు ఒప్పుకుని ఉంటే?’ అన్న ప్రశ్నను మన వెంట పంపుతుంది. ఆ ప్రశ్నకు జవాబు తెర మీద లేదు, మన ఇళ్లలో ఉంది.

ఎల్లల పోరాటాల గురించి రెండు భాషల్లోనూ పుస్తకాలున్నాయి, ఉండాలి కూడా. ఆ చరిత్ర పక్కనే ఈ సినిమాలకూ ఒక అధ్యాయం దక్కాలి. పొరుగువాడి భాషలోని ప్రేమకథను అనువాదం అడగకుండా 596 రోజులు చూసిన జనం కూడా ఈ నేల చరిత్రలో భాగమే. రెండు భాషల మధ్య పెరిగే తిరుత్తణి పిల్లలకు ఎవరు ఎంత నేల గెలిచారన్నదే కాదు, ఎవరు ఎవరి కోసం ఏడ్చారన్నదీ చెప్పాలి.