చిన్నప్రేగులోనికి చూపు

నోటి మార్గమున జఠరమును, మలద్వార మార్గమున పెద్దప్రేగును పరికరముతో చూచుట ఈనాడు వైద్యునకు అలవాటైన పని. ఈ రెంటి నడుమ సుమారు 6 మీటర్ల పొడవున మెలికలు తిరిగియున్న చిన్నప్రేగు మాత్రము చిరకాలము చూపునకు అందలేదు. అచ్చటికి చేరుటకు మానవుడు పడిన పాట్లు ఒక కథ. చేరిన మార్గము క్షేమమైనదా యని తెలిసికొనుట మరియొక కథ. ఈ రెండవ కథ అంతగా ప్రసిద్ధము కాదు. కాని విద్యార్థులు నేర్వదగినది అందే ఎక్కువగ కలదు.

1806లో ఫిలిప్ బొజ్జీనీ అను జర్మను వైద్యుడు క్రొవ్వొత్తి వెలుగును అద్దముతో త్రిప్పి శరీర రంధ్రములలోనికి చూచు సాధనమును నిర్మించెను. 1868లో కుస్‌మౌల్ అను మరియొక వైద్యుడు, కత్తులు మ్రింగు గారడీవానిచే నిటారైన లోహపు గొట్టమును మ్రింగించి జఠరమును చూడ యత్నించెను. గారడీవానికి సాధ్యమైనది రోగికి సాధ్యము కాదు గదా! వంగని గొట్టము అన్ననాళమును చీల్చు ప్రమాదము కలదు. అందుచే 1932లో షిండ్లర్ క్రింది భాగము కొంత వంగునట్టి జఠరదర్శినిని వాడుకలోనికి తెచ్చెను.

పూర్తిగా వంగు సాధనము గాజుతంతువుల వలన లభించినది. సన్నని గాజుతంతువులో ప్రవేశించిన కాంతి సంపూర్ణాంతర పరావర్తనము చెందుచు, తంతువు ఎటు వంగిన అటు ప్రయాణించును. ఇట్టి తంతువుల కట్టతో ప్రతిబింబమును కొనిపోవచ్చునని 1954లో హాప్కిన్స్, పంజాబులో జన్మించిన నరీందర్ సింగ్ కపానీ లండనులో చూపిరి. 1957లో అమెరికాలో హిర్షోవిట్జ్ అట్టి పరికరమును మొదట తానే మ్రింగి పరీక్షించుకొనెను. కాని వెలుపలినుండి త్రోసినకొలది గొట్టము లోపల చుట్టలు పడుటచే చిన్నప్రేగు తొలిభాగమును దాటుట కష్టమయ్యెను.

త్రోయుట మాని, ప్రేగు తానే ముందుకు కొనిపోవునట్టి సాధనమును కొందరు ఆలోచించిరి. ఇస్రాయేలు ఇంజనీరు గవ్రియేల్ ఇద్దాన్, ఇంగ్లండు వైద్యుడు పాల్ స్వైన్ మొదలగువారు కెమెరా, దీపములు, బ్యాటరీ, రేడియో ప్రేషకము ఇమిడియున్న మాత్రను 2000లో లోకమునకు తెలిపిరి. దాని వెడల్పు 11 మిల్లీమీటర్లు. సెకనుకు 2 చొప్పున సుమారు 50,000 చిత్రములను అది పంపును. నొప్పి లేదు, మత్తుమందు లేదు. అయినను దీనికిని ఒక అపాయము కలదు. వ్యాధిచే ప్రేగు ఇరుకైనచోట మాత్ర చిక్కుకొనవచ్చును. ఒక్కొక్కప్పుడు శస్త్రచికిత్సతో తీయవలసివచ్చును. అందుచే అనుమానమున్న రోగికి ముందుగా అదే కొలతగల, చిక్కినను కొంతకాలమునకు కరగిపోవు ఉత్తమాత్రను ఇచ్చి దారి చూచుకొనుట వాడుకలోనికి వచ్చినది.

మాత్ర చూడగలదు గాని చికిత్స చేయలేదు. ఆ కొరతను జపాను వైద్యుడు యమమోతో 2001లో ప్రకటించిన రెండు బెలూనుల పద్ధతి తీర్చినది. గొట్టమునకొకటి, దానిపై తొడుగునకొకటి బెలూను ఉండును. ఒకదానిని ఉబ్బించి ప్రేగును పట్టి వెనుకకు లాగుదురు. రెండవదానితో ముందుకు పోవుదురు. పైజామాకు బొందు ఎక్కించునపుడు గుడ్డ కుచ్చులు పడునట్లు ప్రేగు గొట్టముపై ముడుతలు పడును. దీనివలన రక్తస్రావమును ఆపుట, చిన్న కంతులను తొలగించుట సాధ్యమయ్యెను.

మరి దీని క్షేమము మాటేమి? 2007లో ప్రకటింపబడిన ఒక లెక్కలో, పెక్కు దేశముల ఆసుపత్రులలో జరిగిన 2,362 పరీక్షలలో 40 సందర్భములలో చిక్కులు కలిగినవి. వానిలో 7 క్లోమము వాచుట. అనగా సుమారు 340 పరీక్షలకు ఒకటి. ఒకే వైద్యుడు 100 పరీక్షలు మాత్రమే చేసియున్నచో ఏమగును? ఒక పరీక్షలో ఆ వాపు కలుగకుండు సంభావ్యతను 100 సార్లు హెచ్చించి చూడుడు, సుమారు 0.74 వచ్చును. అనగా ఆ వైద్యునకు ఆ హాని ఒక్కటియు కనబడకుండుటకే నాలుగింట మూడు వంతుల అవకాశము! "నూరుగురిలో ఒక్కరికిని హాని కలుగలేదు" అను మాట నిజమే కావచ్చును. "హాని లేదు" అను మాట దానినుండి వెడలదు.

ఇటీవలి చరిత్ర ఈ విషయమునే బలపరచుచున్నది. మోటారుతో తిరుగు మరచుట్టు గల గొట్టము చిన్నప్రేగును త్వరగా తనపైకి చుట్టుకొనుచు లోతునకు పోవునని ఐరోపాలో పరీక్షలు చూపినవి. హైదరాబాదు వైద్యులును 2021లో తమ అనుభవమును ప్రకటించిరి. తొలి ఫలితములు ఆశాజనకముగ నుండెను. కాని వాడకము విస్తరించిన తరువాత తీవ్రమైన హానుల వార్తలు రాగా, 2023లో నిర్మాతలు దానిని విపణినుండి ఉపసంహరించుకొనిరి.

దీనివలన తొలి పరిశోధకులు అసత్యమాడిరని తలపరాదు. కొద్దిమందిలో కనబడని అరుదైన హాని పెక్కుమందిలోనే బయటపడును. కనుకనే క్రొత్త పరికరమును అనుమతించుటతో పరీక్ష ముగియదు. వాడిన ప్రతి రోగి క్షేమమును వ్రాసియుంచుట, కీడును దాచక తెలుపుట, అవసరమైనచో పరికరమును వెనుకకు తీసికొనుట, ఇవన్నియు విజ్ఞానములోని భాగములే. ఎంతదూరము పోగలదు అని మాత్రమేగాక, ఎంతమందిలో చూచితిరి అనియు అడుగుట మన విద్యార్థులకు అలవడవలెను.