కాలువ కట్ట కింద జమ్ము

తొలకరి పడింది. వజ్రకరూరు చుట్టుపక్కల చేలల్లో జనం నడుములు వంచి నేలను గాలిస్తున్నారు. వానకు మట్టి కొట్టుకుపోయి తేలిన రాళ్లలో ఒక్కటైనా వజ్రమై మెరవకపోతుందా అని వాళ్ల ఆశ. వాళ్లను దాటుకుని హంద్రీ-నీవా కాలువ కట్ట దిగువకు రండి.

ఊటనీరు నిలిచిన పల్లం. చెప్పులు విప్పి దిగితే మోకాలి దాకా బురద. ఎదురుగా నిలువెత్తు పచ్చని దుబ్బులు. దూరానికి అంతా ఒకటే గడ్డి.

అంచునున్న పొట్టి మొక్క కాడను వేళ్ల మధ్య దొర్లించి చూడండి. దొర్లదు, మూడు అంచులు తగులుతాయి. తుంగ. గట్టు మీది పొడవాటి దుబ్బు కాడకు కణుపులున్నాయి, ఆకు అంచు వేలిని గీరుతుంది. రెల్లు.

ఇంకో రెండడుగులు లోపలికి. ఇక్కడ ఆకులు రెండు వరుసల్లో, మొదట్లో ఒకదాన్నొకటి పొదువుకుని నిటారుగా లేచాయి. ఒకటి తుంచండి. ఒకవైపు బల్లపరుపు, మరోవైపు ఉబ్బు. లోపల నిండా గాలి గదులు. బురదలో ఊపిరాడని వేళ్లకు గాలి దిగేది ఈ దారినే. కణుపుల్లేని గుండ్రటి కాడ చివర దాల్చినచెక్క రంగు ఆడకండె, ఆపైన సన్నని మగకండె, రెంటి నడుమ కొంత బోసి కాడ. జమ్ము ఇదే. వృక్షశాస్త్రంలో టైఫా డొమింజెన్సిస్. పాత పుస్తకాల్లో టైఫా అంగుస్టాటా.

"ఏం సార్, రాయి దొరికిందా?" గట్టు మీంచి గొర్రెల కాపరి.

"రాయి కాదన్నా, జమ్ము."

"దాన్నేం సూసేది? ఎండాకాలంలోనూ ఈడనే ఉంటాది."

ఆ మాట పట్టుకుని బురదలో చేయి దూర్చండి. అడ్డంగా పాకిన లావాటి దుంప తగులుతుంది. ఆకులు ఎండినా ఏటేటా చిగురు వేసేది అదే. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే పడే అనంతపురం జిల్లాలో వాననీటి గుంటలు త్వరగా ఇంకిపోతాయి. దుబ్బు ఇంతగా బలిసిందంటే తడి ఏళ్లుగా నిలిచి ఉందన్నమాట.

2012లో కృష్ణా నీళ్లు ఈ కాలువ గుండా జీడిపల్లి జలాశయాన్ని చేరాయి. అంత దూరం నుంచి ఎత్తిపోసిన నీటిలో కొంత ఇలా కట్ట కిందికి ఊరుతోంది. కాపరి గొర్రెలకు అది వరం. దిగువ రైతు మాత్రం ఈ పచ్చదనం చూస్తే, తన చేనికి రావాల్సిన నీళ్లు ఎక్కడ ఆగాయో లెక్క వేసుకుంటాడు.