మంచు బురద, పదకొండేళ్ళ నింద

మాది గోదావరిఖని. విమానం తెలియని ఊరేం కాదండోయ్! పక్కనే బసంత్‌నగర్‌లో సిమెంటు ఫ్యాక్టరీ వాళ్ళ పాత రన్‌వే ఉంది, 1980ల్లో వాయుదూత్ చిన్న విమానాలు వచ్చేవట. అక్కడ రన్‌వేకి అడ్డమంటే వాన నీళ్ళు, లేదా మేకలు. అందుకే కరిగీ కరగని మంచు విమానాన్ని లేవనివ్వదంటే మొదట నమ్మబుద్ధి కాలేదు.

1958 ఫిబ్రవరి 6, మ్యూనిక్. బ్రిటిష్ యూరోపియన్ ఎయిర్‌వేస్ వారి రెండింజన్ల అంబాసిడర్ విమానం. లోపల 44 మంది, అందులో మాంచెస్టర్ యునైటెడ్ ఫుట్‌బాల్ జట్టు. ఇంజన్ తేడా చేస్తోందని రెండుసార్లు టేకాఫ్ మధ్యలో ఆపేశారు. మూడోసారి వేగం 117 నాట్లకి చేరింది, అంటే ఇక ఆపడానికి లేదు. తీరా పెరగాల్సిన వేగం 112కి, ఆ తర్వాత 105కి పడిపోయింది! కంచె తెంచుకుపోయి ఓ ఇంటిని గుద్దింది. మొత్తం 23 మంది పోయారు.

జర్మన్ విచారణ ఏం తేల్చిందంటే, రెక్కల మీద ఐసు తీయించలేదు, తప్పు కెప్టెన్ జేమ్స్ థెయిన్‌ది అని. ఆ రెక్కల్ని పరిశీలించిందేమో ప్రమాదం జరిగిన కొన్ని గంటల తర్వాత. ఈలోగా మంచు కురుస్తూనే ఉంది మరి.

అసలు సంగతి చక్రాల కింద ఉంది. మంచు బురదని తోసుకుంటూ పోవాలి కదా, వేగం రెట్టింపైతే ఆ అడ్డు దాదాపు నాలుగింతలవుతుంది. మెల్లగా పోతున్నంతసేపూ ఏమీ తెలీదు. టెస్టు సర్వర్లో బ్రహ్మాండంగా నడిచి, అసలు లోడు పడ్డాక చతికిలబడే మన కోడ్ లాగే. అప్పట్లో ఈ లెక్క పైలట్లకి సరిగ్గా చెప్పినవాళ్ళే లేరు.

థెయిన్ ఉద్యోగం పోయింది. కోళ్ళ ఫారం చూసుకుంటూ తన కేసు తనే పోరాడాడు. చివరికి 1969లో బ్రిటిష్ విచారణ తప్పు అతనిది కాదంది. ఉద్యోగం మాత్రం తిరిగి రాలేదు. 1975లో గుండెపోటుతో పోయాడు, వయసు 53.

ఇదంతా ఎందుకు చదివానంటే, ఓసారి మా ప్రొడక్షన్ సర్వర్ పడిపోతే కారణం అనే గడిలో 'ఆపరేటర్ పొరపాటు' అని టైపు చేసింది నేనే. కొత్తగా చేరిన కుర్రాడు, రాసిచ్చిన స్క్రిప్టే నడిపాడు. డిస్కు సమస్యని ఆర్నెల్ల తర్వాత లాగ్‌లో దొరికింది. అప్పటికే అతను మానేశాడు. రిపోర్టు ఇంకా అలాగే ఉంది. రేపు ఆఫీసుకెళ్ళగానే దాన్ని దిద్దాలి, అంతకన్నా ముందు అతని నంబరు వెతకాలి.