మనిషి లేని ఓడకి ఎర్ర బోయా ఎందుకు?

పోయిన ఎపిసోడ్‌లో మనుషులు లేకుండా నడిచే ఓడల గురించి మాట్లాడుకున్నాం కదా. అది విని ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, ఓడే దారి చూసుకుంటే సముద్రంలో తేలే ఆ ఎర్ర, పచ్చ బోయాలు పీకేస్తారా?" మైకు ముందు సరిగా చెప్పలేకపోయాను. ఐటీఐ చదివి సైట్లో సూపర్‌వైజర్‌గా చేసేవాణ్ణి, ఓడల మనిషిని కాదు. తర్వాత తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నా.

నేనుండేది నువైద్రాత్‌లో. పక్కనే మామీర్, ఆ పక్కన సిత్రా. రిఫైనరీ నుంచి వచ్చే ఆయిల్ సిత్రా రేవులోనే ఓడలెక్కుతుంది. ఈ సముద్రం చూడ్డానికి పెద్దదే గానీ లోతు తక్కువ. సిత్రాకి తూర్పున ఫష్త్ అల్ అధ్మ్ అనే పెద్ద దిబ్బ నీళ్ళ కింద పరుచుకుని ఉంటుంది. పైకి ఏమీ కనబడదు. పెద్ద ఓడ గుర్తు చూసుకోకుండా వస్తే అంతే సంగతులు.

ఆ గుర్తుల కథలో మన దేశం కూడా ఉంది. గల్ఫ్‌లో మొదటి రోజుల్లో బోయాలు వేసింది బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ. తర్వాత ఆ బాధ్యత బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం మీద పడింది. మనకి స్వాతంత్య్రం వచ్చాక ఆ ఏర్పాటు చెల్లలేదు, 1950లో పర్షియన్ గల్ఫ్ లైటింగ్ సర్వీస్ అని విడిగా పెట్టారు. ఇప్పుడు దాన్నే మెనాస్ అంటారు. పని చేసే స్థావరం ఇక్కడే, బహ్రెయిన్‌లో. లాభం కోసం నడిచేది కాదు. గల్ఫ్‌కి వచ్చే ఓడలు కట్టే రుసుముతో నడుస్తుంది.

మాది విజయనగరం జిల్లా. మా తీరంలో సంతపిల్లి దగ్గర నీళ్ళలో రాళ్ళున్నాయి. భీమిలికి పోయే ఓడలు వాటికి తగలకుండా 1847లోనే కొండ మీద లైట్‌హౌస్ కట్టారు. చిన్నప్పుడు దాన్ని ఊరికే చూసేవాణ్ణి, ఎందుకుందో ఎవరూ చెప్పలేదు.

అయితే గుర్తు పెట్టినంత మాత్రాన సరిపోదు. 1971 జనవరి 11న ఇంగ్లండ్, ఫ్రాన్స్ మధ్య డోవర్ జలసంధిలో టెక్సాకో కరిబియన్ అనే ట్యాంకర్‌ని ఇంకో ఓడ గుద్దింది, మునిగిపోయింది. మర్నాడే బ్రాండెన్‌బర్గ్ అనే ఓడ ఆ శిథిలానికి తగిలి మునిగింది. అక్కడ గుర్తులు పెట్టారు. అయినా ఫిబ్రవరి 27న నికీ అనే ఓడ వచ్చి అక్కడే తగిలింది. మొత్తం 51 మంది పోయారు. గుర్తులున్నాయి, కానీ అప్పట్లో దేశానికో పద్ధతి, ప్రపంచంలో ముప్పైకి పైగా రకాలు. ఏ రంగుకి ఏం అర్థమో తికమక. ఆ దెబ్బతో 1980లో అందరూ కూర్చుని రెండు పద్ధతులకి తగ్గించారు. మన దగ్గరా, ఇక్కడా రేవులోకి వస్తుంటే ఎడమ పక్క ఎరుపు, కుడి పక్క ఆకుపచ్చ. అమెరికాలో దీనికి తిరగేసి ఉంటుంది. అదెందుకో, అమెరికావాళ్ళు స్విచ్చులు కూడా తిరగేసే పెడతారు!

ఇదంతా మనిషి కంటికి. 1948లో లివర్‌పూల్ రేవులో రాడార్ పెట్టి ఒడ్డు నుంచి ఓడలకి దారి చెప్పడం మొదలెట్టారు, అది మనిషి చెవికి. రేడియోలో మనిషి మాట్లాడితే మనిషి విన్నాడు. మరి బ్రిడ్జి మీద ఎవరూ లేని ఓడకి ఎవరు చెప్పాలి? నార్వేలో యారా బిర్కెలాండ్ అనే సరుకు ఓడ 2022లో పనిలోకి దిగింది, మొదట్లో సిబ్బంది ఎక్కే నడిపారు. అలాంటి ఓడలకి తగ్గట్టు ఇప్పుడు బోయాకి రేడియో పెడుతున్నారు. "నేను ఫలానా బోయాని, ఫలానా చోట ఉన్నాను, నా దీపం వెలుగుతోంది" అని అదే చెబుతుంది. ఒడ్డు మీది కంట్రోల్ రూమ్ మాటలకి బదులు మెషీన్ చదివే సందేశాలు పంపాలని చూస్తున్నారు. ఇంకా ఒక అడుగు ముందుకేసి, నీళ్ళలో ఏమీ లేకుండా తెర మీద మాత్రమే కనబడే బోయా కూడా వచ్చింది.

నాకు భయం వేసేది ఈ చివరి దాని దగ్గరే. 2025 జూన్‌లో ఇరాన్, ఇజ్రాయెల్ యుద్ధం జరుగుతుంటే హోర్ముజ్ చుట్టుపక్కల వందల ఓడల జీపీఎస్ చెడిపోయింది. తెర మీద కొన్ని ఓడలు నేల మీద ఉన్నట్టు కనబడ్డాయి! ఒక సైట్లో నాకూ ఇలాంటిదే జరిగింది. సర్వే కుర్రాడు జీపీఎస్ చూపించిన చోటే పెగ్గులు కొట్టేశాడు. నేనూ సరే అన్నా. పునాది తవ్వాక పాత బెంచ్‌మార్క్ రాయి నుంచి టేపు పట్టి చూస్తే అర మీటరు తేడా. మళ్ళీ తవ్వాం, రెండు రోజుల పని పోయింది. తప్పు నాదే, ముందే టేపు పట్టి ఉండాల్సింది.

అందుకే తమ్ముడూ, పీకేస్తారని నేననుకోను, పీకకూడదు కూడా. ఓడకి కెమెరా ఉంటుంది, రాడార్ ఉంటుంది. జీపీఎస్ అబద్ధం చెప్పినప్పుడు అవి చూసి పోల్చుకోవడానికి నీళ్ళలో నిజంగా ఒక ఇనుప ముక్క ఉండాలి. కాకపోతే తెర మీది బోయాకి ఖర్చు లేదు. నిజం బోయాకి అయితే గొలుసు మార్చాలి, రంగు వెయ్యాలి, మనుషులు ఓడేసుకుని వెళ్ళి దానికి పట్టిన నాచూ గుల్లలూ గీకాలి. ఈ ఎండలో ఆ పని ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పక్కర్లేదు.