పాటకు వంత ఎవరు?

పాశ్చాత్య సంగీతం మీద మన అభ్యుదయ విమర్శకులు రాసినదంతా పోగుచేస్తే చివరికి రెండు మాటలు మిగులుతాయి: క్షీణ సంస్కృతి, పెట్టుబడిదారుల మత్తుమందు. ఆ మాటలు నేనూ రాశాను. వినకుండానే రాశాను. సూర్యాపేటలో ఒక మిత్రుడు కాసెట్ల కట్ట చేతికిచ్చి, “విన్న తర్వాత తిట్టు, సోదరా” అన్నాడు. విన్నాను. తిట్టవలసినవి చాలానే ఉన్నాయిగాని, అంతకుముందు తిట్టిన కారణాలకు మాత్రం కాదు.

రాక్ బృందాలలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది పింక్ ఫ్లాయిడ్. 1977 జూలైలో మాంట్రియల్ ఒలింపిక్ స్టేడియంలో పాడుతూ, అల్లరి చేస్తున్న ఒక అభిమాని మీద రోజర్ వాటర్స్ ఉమ్మివేశాడు. తన పనికి తానే నివ్వెరపోయాడు. వినేవాళ్లకూ తనకూ మధ్య లేచిన గోడ గురించి ఆలోచించాడు. 1979లో వచ్చిన ‘ది వాల్’ ఆ ఆలోచన ఫలితమే. తరువాతి ప్రదర్శనల్లో వేదికకు అడ్డంగా అట్టల ఇటుకలతో నిజంగానే గోడ కట్టి, దాని వెనకనుంచి పాడారు. ఇంత నిజాయితీ గల ఆత్మవిమర్శ ఆ లోకంలో అరుదు. అయితే ఆ గోడను చూడటానికి కూడా జనం టిక్కెట్టు కొనుక్కోవలసిందే. క్లాష్ బృందం 1980లో మూడు రికార్డులను ఒక్కదాని వెలకే ఇప్పించింది. మంచిదే. వెల తగ్గినంత మాత్రాన దూరం తగ్గుతుందా?

ఆ దూరం మాట విన్నప్పుడల్లా నాకు మా ప్రాంతపు పాట గుర్తుకొస్తుంది. సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లి గుట్ట మీద రెండేళ్లకొకసారి లింగమంతుల జాతర జరుగుతుంది. భేరీలు మోగుతుంటే, గజ్జెల లాగులు తొడిగినవాళ్లు లింగని పేరెత్తితే, వేలమంది బదులు పలుకుతారు. అక్కడ పాడేవాడెవడో వినేవాడెవడో విడదీయటం కష్టం. బతుకమ్మ పాటలో ఒకామె చరణం చెబితే తక్కినవాళ్లు ‘ఉయ్యాలో’ అని అందుకుంటారు. బుర్రకథలో కథకుడికి ఇద్దరు వంతలు: ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. ఆ రాజకీయపు వంత నోట పడితే పురాణకథ కూడా ఆ వారం వార్తయ్యేది. మన రాజకీయ భాషలో వంతపాడటం తిట్టయిపోయింది. పాటలో మాత్రం వంత లేనిదే కథకుడు అడుగు వేయలేడు.

తెలంగాణ సాయుధ పోరాటం (1946–51) ఈ వంతనే ఆయుధం చేసుకుంది. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి కోస్తా జిల్లాల్లో నాజర్ బుర్రకథను ఊరూరా తిప్పింది. కోదాడ ఆ జిల్లాలకు సరిహద్దు. పక్కనే ఉన్న మునగాల పరగణా, చుట్టూ నైజాం రాజ్యమే అయినా, మద్రాసు ప్రెసిడెన్సీలోని కృష్ణా జిల్లాకు చెందిన ముక్క. గీత గీసింది దొరలు; పాటకు ఆ గీత పట్టలేదు. నల్లగొండ జిల్లాలో సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల వంటి జానపద రూపాల్లోకి వెట్టిచాకిరీని, దొర గడీని తెచ్చిపెట్టాడు. కరివిరాల కొత్తగూడెం ఆడబిడ్డ మల్లు స్వరాజ్యం ఉయ్యాల పాటలతో సభలను కదిలించారు. బండి యాదగిరి కట్టాడని చెప్పుకునే ‘బండెనక బండి కట్టి’ పాట, 1980లో విడుదలైన ‘మా భూమి’ సినిమాలో గద్దర్ గొంతుతో దేశమంతా విన్నది. ఆ సినిమాతో పాట తెలిసినవాళ్లు లక్షలు. యాదగిరి పేరు తెలిసినవాళ్లెందరు? వంత ఎంత గట్టిగా పాడితే కట్టినవాడి పేరు అంతగా మునిగిపోతుంది. దీన్ని ‘ప్రజల పాట’ అని పొగిడి ఊరుకోవటం విమర్శకుడి బద్ధకం. పోరాటంలో ప్రాణమిచ్చినవాడికి పేరు కూడా దక్కనివ్వకపోవటం గౌరవమెలా అవుతుంది?

ఈ చిక్కుకు మరో కొసను ఇటలీలో చూశాను. తానే కట్టి తానే పాడేవాడిని అక్కడ కాంతౌతోరె అంటారు, మన వాగ్గేయకారుడే. అక్కడ పేరే అంతా. గిటారు, ఒక్క గొంతు, ఎదుట నిశ్శబ్దం. జెనోవా నగరపు సంపన్న కుటుంబంలో పుట్టిన ఫాబ్రిత్సియో దె ఆంద్రే వేశ్యలను, ఖైదీలను, యుద్ధంలో చచ్చిన సిపాయిని పాడాడు. మధ్యతరగతి సానుభూతేనని మొదట తేలిగ్గా తీసేశాను. 1984లో ఆయన ఒక సంపుటమంతా జెనోవా మాండలికంలో పాడాడని తెలిసిన తర్వాత ఆ తీర్పు వెనక్కి తీసుకున్నాను. ఇటలీలోనే చాలామందికి ఆ మాటలు అర్థం కావు. ప్రామాణిక భాష ఇచ్చే మార్కెట్టును కాదని రేవు భాషను నెత్తిన పెట్టుకోవటం చిన్న సాహసం కాదు. నల్లగొండ యాసలో రాస్తే సాహిత్యమెలా అవుతుందని అడిగిన పండితులను ఎరిగినవాళ్లకు ఆ సాహసం విలువ తెలుసు.

ఫ్రాంచెస్కో గుచ్చీని మరో అడుగు ముందుకు వేశాడు. 1893లో బొలోన్యా దగ్గర పియెత్రో రిగోజీ అనే రైల్వే ఫైర్‌మేన్ ఇంజను ఎత్తుకుపోయాడు. దాన్ని ఖాళీ పట్టాల మీదికి మళ్లించగా ఆగి ఉన్న పెట్టెలను గుద్దుకుంది. అతడు కాలు పోగొట్టుకుని బతికాడు. గుచ్చీని ఆ కథను 1972లో పాట చేశాడు. తన కచేరీలను ఆ పాటతోనే ముగించేవాడు. సభ పిడికిళ్లెత్తి తానూ పాడేది. అంటే పేరూ మిగిలింది, వంతా పుట్టింది. రెండూ పొసగవని నేననుకున్నది తప్పు.

ఇక మనవైపు చూద్దాం. 2002 తర్వాత ధూంధాం వేదికలు తెలంగాణ పాటకు మళ్లీ ఊపిరి పోశాయి. నిజమే. కాని కోదాడలో ఈమధ్య చూసిన ఒక సభలో స్పీకర్లు మనిషి ఎత్తున్నాయి, వేదిక అంతకన్నా ఎత్తు. గాయకుడు “మీరూ పాడాలె” అన్నాడు. జనం ఫోన్లెత్తి చిత్రీకరించారు. అట్టల ఇటుకలు అక్కరలేకుండానే మన గోడ లేచింది. గాయకుడు ఎవరి మీదా ఉమ్మలేదు గనుక అదెవరికీ కనపడలేదు.

1967లో సాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలిన తర్వాత మిర్యాలగూడ వైపు వరి బాగా పెరిగింది. నాట్లతో పాటు నాట్ల పాటలూ. గత వానాకాలం ఆ దారిన వస్తూ ఒక మడి దగ్గర ఆగాను. గట్టుమీద ఫోను పాడుతున్నది. వరసలో ఉన్న ఒక నడివయసు ఆమె, చరణం చివర మేస్త్రి పేరు ఇరికించి తన మాటొకటి కలిపింది. పక్కవాళ్లు పకపకా నవ్వి అందుకున్నారు. ఫోను తర్వాతి పాటకు వెళ్లిపోయింది. వాళ్లు అదే చరణం మీద, ఇంకో పేరు పెట్టి, మళ్లీ మొదలుపెట్టారు.