పోతనకు ముఖం ఇచ్చిన నాగయ్య

తెలుగు వాచకంలో పోతన పద్యాలు వల్లెవేసిన మన పాత బ్యాచీల వారికి ఆ కవి ఎలా ఉంటాడో వేరే చెప్పనక్కరలేదు. మెత్తని చూపు, అంతకంటే మెత్తని గొంతు. నిజానికి పోతన కాలంలో గీసిన చిత్తరువేదీ మనకు దక్కలేదు. రాముడికీ కృష్ణుడికీ రవివర్మ బొమ్మలున్నాయి, కేలండర్లున్నాయి. కవికి ఆ భాగ్యం లేదు. ఆ లోటు తీర్చినవారు చిత్తూరు వి. నాగయ్య.

ఆయన 1904లో గుంటూరు జిల్లా రేపల్లెలో పుట్టారు. చిత్తూరు నాటక సమాజంలో పేరు తెచ్చుకోవడంతో ఆ ఊరే ఇంటిపేరులా అతుక్కుంది. 1938లో ‘గృహలక్ష్మి’తో సినిమాల్లోకి వచ్చారు. మరుసటి ఏడాది బి.ఎన్.రెడ్డి ‘వందేమాతరం’లో కథానాయకుడు. సంగీతమూ ఆయనదే. ఆపైన వాహినివారి ‘భక్త పోతన’. ‘మాయాబజార్’ తీసిన కె.వి.రెడ్డికి దర్శకుడిగా అదే తొలి చిత్రం.

ఆ రోజుల్లో స్టేజీ మీద రాగం ఎంత సాగదీస్తే అన్ని వన్స్‌మోర్లు. ఆ నాటకాల్లోంచి వచ్చిన మనిషే అయినా నాగయ్య తెర మీద గొంతు తగ్గించారు. మైకు ఉన్నచోట అరవనక్కరలేదని గ్రహించారు. తన పాట తానే పాడుకునేవారు గనుక మాట ఎక్కడ ఆగిందో, పద్యం ఎక్కడ మొదలైందో తెలియదు. నా మటుకు ఆయన గొప్పతనమంతా ఇక్కడే ఉందనిపిస్తుంది.

1946 నాటి ‘త్యాగయ్య’కు నిర్మాత, దర్శకుడు, సంగీత దర్శకుడు, ప్రధాన నటుడు అన్నీ ఆయనే. మరుసటి ఏడాది మళ్లీ కె.వి.రెడ్డితో ‘యోగి వేమన’. ఈ మూడింటిలో నా ఓటు దీనికే. భోగాల్లో మునిగిన వేమన, తాను ప్రాణంగా చూసుకున్న పసిపిల్ల జ్యోతి పోయినప్పుడు ఒక్కసారిగా ఖాళీ అయిపోతాడు. ఆ ముఖంలో ఏడుపు కంటే విస్మయమే ఎక్కువ. ఈ శరీరం ఇంతేనా అన్న ప్రశ్న అక్కడ పుడుతుంది. మనం పరీక్షల కోసం బట్టీపట్టిన ఆటవెలదుల వెనక ఒక మనిషి ఉన్నాడని నమ్మించిన ఘట్టమది.

తర్వాత రామారావు, నాగేశ్వరరావుల కాలం వచ్చింది. నాగయ్య తండ్రి పాత్రలకు మారారు. 1957లో ‘పాండురంగ మహాత్మ్యం’లో రామారావుకు తండ్రి. 1964లో మళ్లీ సొంతంగా ‘రామదాసు’ తీసి చేతులు కాల్చుకున్నారు. 1965లో పద్మశ్రీ వచ్చింది. దక్షిణాది సినీ నటుల్లో అది అందుకున్న మొదటివారు ఆయనే. కానీ అడిగినవారికి లేదనడం తెలియని మనిషి. 1973 డిసెంబరు 30న మద్రాసులో కన్నుమూసేనాటికి సంపాదించినదంతా కరిగిపోయింది.

ఇప్పుడు మన బడిలో తెలుగు చెబుతున్న మాస్టార్లకూ టీచర్లకూ ఒక విన్నపం. వేమన పాఠం అయ్యాక పిల్లలకు ఆ సినిమా చూపించండి. నలుపు తెలుపుల బొమ్మ అని మొదట నవ్వుతారు. జ్యోతి ఘట్టం దాకా ఆపకండి.